ప్రాంతీయ విమానయాన హాల్ ఆఫ్ ఫేమ్: గోడ మీదికి ఏ పేరు ఎక్కాలో తేల్చే పద్ధతి

అమెరికా తొలితరం నల్లజాతి మహిళా పైలట్ బెస్సీ కోల్‌మన్ ఏ రాష్ట్రం మనిషి? 1892లో టెక్సస్‌లోని అట్లాంటా అనే చిన్న ఊళ్లో పుట్టారు. బతుకుతెరువు వెతుక్కుంటూ షికాగో చేరారు. నల్లజాతి స్త్రీకి అమెరికాలో విమానం నేర్పేవారు లేక ఫ్రాన్స్‌లోని ల క్రోత్వాకు వెళ్లి నేర్చుకుని, 1921 జూన్ 15న లైసెన్సు తెచ్చుకున్నారు. 1926లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో విమానం నుంచి పడి చనిపోయారు. టెక్సస్, ఇల్లినాయ్, ఫ్లోరిడా మూడూ ‘మా మనిషి’ అనుకోవచ్చు. విమానయానంలో గొప్ప పని చేసినవారి పేర్లు ఫలకాల మీద నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్ జాతీయ స్థాయిదైతే దానికి ఈ ప్రశ్నతో పని లేదు. ప్రాంతీయ స్థాయిలో మాత్రం తగవులు మొదలయ్యేది ఇక్కడే.

అమెరికా జాతీయ విమానయాన హాల్ ఆఫ్ ఫేమ్ 1962లో ఒహాయోలోని డేటన్‌లో పుట్టింది. 1964లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ దానికి చార్టర్ ఇచ్చింది. రాష్ట్రాల్లో న్యూజెర్సీ 1972లో టెటర్‌బరోలో సొంతంగా ఒకటి పెట్టుకుంది. జార్జియాది 1989లో వార్నర్ రాబిన్స్‌లోని విమాన మ్యూజియంలో మొదలైంది. కెనడా దేశానికంతటికీ 1973లో ఒకటి ఏర్పడింది. జాతీయ స్థాయికి వచ్చే పేర్ల మీద అప్పటికే పుస్తకాలు ఉంటాయి. ప్రాంతీయ స్థాయికి వచ్చే పేరు వెనక తరచూ ఒక అట్టపెట్టెడు పాత ఫొటోలు, ఒక కూతురి జ్ఞాపకం తప్ప మరేమీ ఉండవు. పైగా ప్రతిపాదించినవారూ కమిటీ సభ్యులూ ఒకే ఎయిర్‌పోర్టు క్యాంటీన్‌లో కాఫీ తాగేవాళ్లు. అందుకే నియమాలన్నీ పేర్లు రాకముందే రాసిపెట్టుకోవాలి. పేర్లు చూశాక రాసిన నియమం ఎవరో ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా అవుతుంది.

మొదటి అడుగు: ప్రాంతంతో బంధం అంటే ఏమిటి?

నాలుగు రకాల బంధాలను నియమావళిలో పేరుపెట్టి రాయండి. పుట్టుక ఒకటి. పెరిగి చదువుకోవడం రెండోది. కనీసం 10 ఏళ్లు అక్కడ ఉంటూ విమానయానంలో పనిచేయడం మూడోది. గుర్తింపు తెచ్చిన పని అక్కడే జరగడం నాలుగోది. తర్వాత ఒక్క వాక్యం: మూడోది గానీ నాలుగోది గానీ ఉంటే అదొక్కటే చాలు, లేదంటే మొదటి రెండూ కలిసి ఉండాలి. పుట్టుక ఒక్కటే చాలదు. చాలదని గట్టిగా రాయకపోతే, ఆస్పత్రి మీ ఊళ్లో ఉన్నందుకు పుట్టి, మూడు నెలలకే వెళ్లిపోయిన జనరల్ పేరు ఏటా వస్తూనే ఉంటుంది.

రాసిన నియమాన్ని చిక్కు కేసుల మీద పరీక్షించండి. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా విమానంలో అట్లాంటిక్ దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ డెట్రాయిట్‌లో పుట్టి, మిన్నెసోటాలోని లిటిల్ ఫాల్స్‌లో పెరిగారు. డబ్బు పెట్టింది సెయింట్ లూయిస్ వ్యాపారులు, విమానం తయారైంది శాన్‌డియెగోలో, 1927 మే 20న బయల్దేరింది న్యూయార్క్‌లోని రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుంచి. పై నియమం ప్రకారం మిషిగన్‌కు హక్కు లేదు, న్యూయార్క్‌కు ఉంది. మిన్నెసోటాకు పెంపకం ఒక్కటే మిగులుతుంది. ఆ ఫలితం మీకు నచ్చకపోతే నియమం ఇంకా కుదరలేదన్నమాట.

తెలుగువారికి దగ్గరి పేర్లతోనూ ఈ పరీక్ష చేయవచ్చు. వ్యోమగామి రాజాచారి మిల్వాకీలో పుట్టి, అయోవాలోని సీడర్ ఫాల్స్‌లో పెరిగారు. తండ్రి చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు. పుట్టుక ఒక్కటే కాబట్టి విస్కాన్సిన్‌కు హక్కు రాదు, పెంపకం ఒక్కటే కాబట్టి అయోవాకూ రాదు. అయోవావాళ్లకు ఇది మింగుడుపడకపోతే రెండో రకం బంధానికి బరువు పెంచుకోవాలి. తండ్రి ఊరు మాత్రం ఎక్కడా లెక్కలోకి రాకూడదు. దాన్ని లెక్కలోకి తీసుకుంటే తాతగారి ఊరు, మేనమామ ఊరు కూడా వస్తాయి.

హైదరాబాద్ ప్రాంతానికి ఇలాంటి హాల్ పెడుతున్నారనుకుందాం. ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగారు, ఇబ్బంది లేదు. హెలికాప్టర్ పైలట్లలోంచి వైమానిక దళాధిపతి అయిన మొదటి వ్యక్తి ఫాలీ మేజర్ పుట్టింది సికింద్రాబాద్‌లో. పుట్టుక ఉంది, మరి మిగతావి? తేజస్ రూపశిల్పి కోట హరినారాయణ హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. ఆ బంధం నిజమే గానీ విమానయానానిది కాదు, తేజస్ పని జరిగింది బెంగళూరులో. రాకేశ్ శర్మ పటియాలాలో పుట్టి హైదరాబాద్‌లో చదువుకున్నారు, 1984లో సోయుజ్ ఎక్కింది బైకనూర్ నుంచి. ‘అబ్బే, రాకేశ్ శర్మను ఎలా వదులుతాం’ అనిపిస్తే నియమాన్నే మార్చండి. ఆయన కోసం మినహాయింపు మాత్రం ఇవ్వకండి, ఎందుకంటే వచ్చే ఏడు అదే మినహాయింపును ఎమ్మెల్యేగారి బావమరిది కోసం అడుగుతారు. ఇంకో హెచ్చరిక: ‘ఇక్కడ శిక్షణ పొందినవారు’ అనే మాట నియమంలోకి రానివ్వకండి. దుండిగల్ అకాడమీ ఉన్న చోట ఆ మాట రాస్తే వైమానిక దళంలో సగం మంది అర్హులైపోతారు.

రెండో అడుగు: విమానయానం ఎక్కడిదాకా?

అంతరిక్షం లోపలా బయటా అన్నది ముందే తేల్చండి. శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. అమెరికా లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే అంతరిక్షం. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య గీసిన కర్మాన్ రేఖ 100 దగ్గర ఉంది. ఏ గీతను పాటిస్తారో నియమావళిలో ఒక పంక్తి చాలు. లేకపోతే ఆ వాదన ఒక మనిషి గౌరవం మీద, నలుగురి ముందు జరుగుతుంది.

బెలూన్లు, గ్లైడర్లు, పొలాల మీద మందు చల్లే విమానాలు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, ఎయిర్‌పోర్టు నిర్మాణం, మరమ్మతు షెడ్డు అన్నిటినీ పేరుపేరునా రాయండి. రాయనిదాని నుంచి నామినేషన్ రాదు. రైట్ సోదరుల ఇంజిన్‌ను ఆరు వారాల్లో తయారుచేసిన మెకానిక్ చార్లీ టేలర్‌ను జాతీయ హాల్ 1965లోనే చేర్చుకుంది. చాలా ప్రాంతీయ గోడల మీద ఇప్పటికీ పైలట్లదే రాజ్యం. ప్రపంచంలో మొదటి షెడ్యూల్డ్ విమాన సర్వీసు 1914 జనవరి 1న ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి టాంపాకు 23 నిమిషాల్లో వెళ్లింది. నడిపిన టోనీ జానస్ పేరు మీద అవార్డు ఉంది. ఆ సర్వీసును ఆలోచించి, విమానం మాట్లాడి, ఊరివాళ్లతో డబ్బు పెట్టించిన పెర్సివల్ ఫ్యాన్స్‌లర్ ఎందరికి గుర్తు?

సంస్థలను, బృందాలను మనుషుల గోడ మీద పెట్టకండి. కెనడా హాల్ సంస్థల కోసం ‘బెల్ట్ ఆఫ్ ఓరియన్’ అనే విడి అవార్డు పెట్టుకుంది. అది మంచి దారి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మహిళా పైలట్ల దళమైన వాస్ప్‌లో శిక్షణ ముగించిన మహిళా పైలట్లు 1,074 మంది. మీ రాష్ట్రం నుంచి వెళ్లినవారిని బృందంగా ఒకేసారి గౌరవించి, తర్వాత విడిగా గొప్ప పని చేసినవారిని వ్యక్తులుగా తీసుకోండి.

మూడో అడుగు: ఏడాదికి ఎందరు, ఎప్పుడు?

నలుగురు. అంతకు మించితే విందు సభ మూడు గంటలు దాటుతుంది, ఫలకాలు చదివేవారు ఉండరు. ‘నలుగురి వరకు’ అని రాయండి, ‘నలుగురు’ అని కాదు. తగినవారు లేని ఏడు ఇద్దరితో ఆగే స్వేచ్ఛ ఉండాలి. ఆ నలుగురిలో ఒక్కటైనా చనిపోయిన తొలితరంవారికి కేటాయించండి. బతికున్నవారు సభకు వస్తారు, వెంట నాలుగు టేబుళ్ల బంధుమిత్రులు టికెట్లు కొంటారు. 1930లలో గడ్డిమైదానాన్ని రన్‌వేగా మార్చినాయన తరఫున ఒక్క టికెట్టూ అమ్ముడుపోదు. కేటాయింపు లేకపోతే ఖజానా చూసే సభ్యుడి చెయ్యి తెలియకుండానే ఒకవైపు వాలుతుంది. ఈమధ్యే చనిపోయినవారి విషయంలో ఏడాది ఆగాలని రాసుకోవడం మేలు, సంతాప సభలో నామినేషన్ రాయడం అందరికీ తేలికే.

సభ అక్టోబరులో అనుకుంటే వెనక్కి లెక్కించండి. నామినేషన్లు నవంబరు 1 నుంచి జనవరి 31 వరకు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి వరకు వివరాల తనిఖీ. మే మధ్యలో ఓటింగ్. జూన్ మొదటి వారంలో కుటుంబాలకు కబురు. జులైలో ప్రకటన. కంచు ఫలకం పోతపోయడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది కాబట్టి ఆగస్టు మొదటికల్లా పాఠం ఖరారు కావాలి. తనిఖీకి మూడు నెలలు ఎక్కువనిపిస్తుంది. సైనిక రికార్డు కోసం ఒక్క ఉత్తరం రాసి చూస్తే తక్కువని తెలుస్తుంది.

నాలుగో అడుగు: నామినేషన్ పత్రం

జీవిత వివరాలకు రెండు పేజీలు, అంతకు మించితే చదవబోమని చెప్పండి. దాని తర్వాత విడిగా ఒక పేజీలో ఒకే ప్రశ్నకు జవాబు: ఈ వ్యక్తి లేకపోతే ఈ ప్రాంతపు విమానయానంలో ఏది ఉండేది కాదు? చాలా పత్రాలు ఇక్కడే తడబడతాయి. 22,000 గంటలు నడిపారు, ఒక్క ప్రమాదం లేదు, అందరితో మంచివాడు అని రాస్తారు. అది గౌరవించదగ్గ జీవితమే గానీ హాల్ ఆఫ్ ఫేమ్ దానికోసం కాదు. 50 ఏళ్ల సేవకు అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ పైలట్లకు రైట్ బ్రదర్స్ మాస్టర్ పైలట్ అవార్డు, మెకానిక్‌లకు చార్లెస్ టేలర్ అవార్డు ఇస్తుంది. అలాంటి నామినేషన్ తెచ్చినవారిని మర్యాదగా ఆ దారి పట్టించండి, సంతోషిస్తారు కూడా.

వీటికి మూడు మద్దతు లేఖలు, కనీసం ఒకటి కుటుంబానికి, ఉద్యోగానికి బయటివారిది. ముఖ్యమైన ప్రతి దావా పక్కన ఆధారం పేరు. ఫొటో కనీసం 2400 × 3000 పిక్సెళ్లు ఉండాలి. అంటే 8 × 10 అంగుళాల ఫొటోకు అంగుళానికి 300 చుక్కలు (300 డీపీఐ). ఫేస్‌బుక్ నుంచి తీసిన ఫొటో ఫలకం మీద బురద మరకలా వస్తుంది. సైనిక పత్రాలు జతచేస్తే సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) చెరిపి పంపమనండి. 1969 జులై నుంచి అమెరికా సైన్యం, వైమానిక దళం ఆ నంబరునే సర్వీసు నంబరుగా వాడాయి, కాబట్టి ప్రతి కాగితం మీదా అది ఉంటుంది.

ఎంపిక కాని నామినేషన్ మూడేళ్లు సజీవంగా ఉండి, తర్వాత రెండేళ్లు విశ్రాంతి తీసుకోవాలి. ఈ విరామం లేకపోతే పాత ఫైలు అలవాటు కొద్దీ తిరస్కారమవుతూనే ఉంటుంది, ఎవరూ మళ్లీ తెరిచి చదవరు.

ఐదో అడుగు: తనిఖీ

అసలు పని ఇది. ఓటింగ్‌కు ఒక సాయంత్రం చాలు, దీనికి ఇద్దరు మనుషులు మూడు నెలలు కూర్చోవాలి.

ముందుగా ‘మొదటి’ అనే మాటను అనుమానించండి. గుస్తావ్ వైట్‌హెడ్ 1901లోనే, అంటే రైట్ సోదరుల 1903 డిసెంబరు 17కు ముందే ఎగిరారని 2013లో కనెక్టికట్ ఏకంగా చట్టమే చేసింది. అమెరికా జాతీయ మ్యూజియంల సంస్థ స్మిత్‌సోనియన్ సహా విమాన చరిత్రకారుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోరు. ఎగురుతున్న ఫొటో ఒక్కటీ లేదు. శాసనసభే పొరబడగలిగితే తొమ్మిది మంది కమిటీ ఎంత? ‘రాష్ట్రంలో మొదటి మహిళా పైలట్’ అని పత్రంలో ఉంటే, లైసెన్సు తేదీ ఏది, ఆ తేదీకి ముందున్నవారి జాబితా ఎవరు చూశారు అని అడగండి. జవాబు రాకపోతే ‘తొలితరం మహిళా పైలట్లలో ఒకరు’ అని రాయండి. గౌరవం తగ్గదు.

పదేపదే చెప్పినంత మాత్రాన నిజం కాదనడానికి రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్లకు కాపలాగా ఎగిరిన టస్కీగీ నల్లజాతి పైలట్ల కథే సాక్ష్యం. తమ కాపలాలో ఒక్క బాంబరునూ శత్రువు కూల్చలేదన్నది దశాబ్దాలపాటు ఫలకాల మీద, ఉపన్యాసాల్లో నడిచింది. వైమానిక దళ చరిత్రకారులు ఆ రోజుల నష్టాల నివేదికలు ఒక్కొక్కటే సరిపోల్చి చూస్తే పాతిక పైచిలుకు బాంబర్లు పోయినట్టు తేలింది. అయినా ఆ దళం రికార్డు మిగతా కాపలా దళాల సగటుకంటే మెరుగైనదే. నిజం చెప్పినా గొప్పగానే ఉండే కథకు అతిశయం అక్కర్లేదు.

సైనిక రికార్డులు సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఉంటాయి. 1973 జులై 12న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. 1912–1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవారి రికార్డుల్లో 80 శాతం పోయాయి. రెండో ప్రపంచయుద్ధంలో వైమానిక దళం సైన్యంలో భాగమే కాబట్టి ఆ పైలట్లు ఈ లెక్కలోకే వస్తారు. 1947–1964 మధ్య వైమానిక దళం వదిలినవారిలో, అక్షరక్రమంలో ‘హబ్బర్డ్, జేమ్స్ ఇ.’ తర్వాతి పేర్లలో 75 శాతం పోయాయి. అంటే అబ్బాట్ గారి ఫైలు దొరికి విలియమ్స్ గారిది దొరకకపోతే విలియమ్స్ అబద్ధమాడినట్టు కాదు. అప్పుడు వేరే దారులున్నాయి. చాలామంది మాజీ సైనికులు విడుదల పత్రాన్ని సొంత కౌంటీ కార్యాలయంలో నమోదు చేయించేవారు, ముందు అక్కడ అడగండి. దళాల చరిత్రలు అలబామాలోని మాక్స్‌వెల్ స్థావరంలో ఉన్నాయి. ‘ఏస్’ అని రాసివుంటే ఐదు విజయాలకు, అంటే కూల్చిన ఐదు శత్రు విమానాలకు ధ్రువీకరణ కావాలి. రెండో ప్రపంచయుద్ధానికి వైమానిక దళపు 85వ నంబరు చారిత్రక అధ్యయనంలో పేర్లవారీ జాబితా ఉంది.

ధ్రువీకరణ లేని దావా ఉన్నంత మాత్రాన మనిషిని తోసేయకండి. జార్జియాలోని కొలంబస్‌లో పుట్టిన యూజీన్ బుల్లార్డ్ 1917లో ఫ్రాన్స్ తరఫున ఎగిరిన తొలి నల్లజాతి అమెరికన్ సైనిక పైలట్. శత్రు విమానాలు కూల్చానని ఆయన చెప్పుకున్నదానికి అధికారిక ధ్రువీకరణ లేదు. జార్జియా 1989లో తన మొదటి జట్టులోనే ఆయన్ను చేర్చుకుంది. దావాను ఫలకం నుంచి తీసేసినా మనిషి గోడ మీద నిలుస్తాడా? అదే పరీక్ష. నిలిస్తే దావాను వదిలేసి ముందుకెళ్లండి.

పౌర విమానయానంలో పైలట్ తన ప్రయాణాలు రాసుకునే లాగ్‌బుక్, ఎఫ్‌ఏఏ లైసెన్సు రికార్డు, విమానపు ఎన్-నంబరు (అమెరికా రిజిస్ట్రేషన్ నంబరు) చరిత్ర చూడాలి. లాగ్‌బుక్‌లో గుండ్రటి అంకెలు వరసగా, ఒకే సిరాతో ఉంటే తర్వాతెప్పుడో నింపినట్టే. 1962 నుంచి జరిగిన ప్రమాదాలు అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ డేటాబేసులో దొరుకుతాయి. ప్రమాదం ఉండటం అనర్హత కాదు, పత్రంలో ‘ఒక్క ప్రమాదమూ లేదు’ అని రాసి డేటాబేసులో రెండు కనిపిస్తే మాత్రం మొత్తం ఫైలును మళ్లీ చూడాలి.

తనిఖీ ఫలితం అవునో కాదో మాత్రమే. ఆధారాలకు మార్కులు వేయకండి. వేస్తే, లాయరు మనవడు బైండు చేయించి తెచ్చిన 200 పేజీల ఫైలు గెలిచి, గోనెసంచీలో కాగితాలు మిగిల్చిన మెకానిక్ ఓడిపోతాడు.

ఆరో అడుగు: కమిటీ, ఓటు

తొమ్మిది మంది, మూడేళ్ల పదవి, ఏటా ముగ్గురు మారాలి. అందరూ మాజీ వైమానిక దళంవారైతే గోడంతా యూనిఫాములే అవుతుంది. ఒక మెకానిక్, ఒక చరిత్ర అధ్యాపకుడు లేదా లైబ్రేరియన్, విమానయానంతో సంబంధం లేని ఒకరు తప్పక ఉండాలి. ఆ చివరి మనిషి ‘అది ఎందుకు గొప్ప?’ అని అడిగే ప్రశ్న చాలా ఫైళ్లను కాపాడుతుంది, కొన్నిటిని ముంచుతుంది. విరాళాలు సేకరించేవారు ఈ కమిటీలో ఉండకూడదు. అభ్యర్థితో చుట్టరికం, వ్యాపారం ఉన్న సభ్యుడు ఓటు వేయకపోవడంతో సరిపోదు, ఆ పేరు మీద చర్చ జరిగినంతసేపూ గది బయటే ఉండాలి.

చర్చకు ముందు ఎవరికివారు ఇంట్లో మార్కులు వేయాలి: ప్రాంతం మీద ప్రభావం 40, దారి వేసిన తీరు 25, ఇతరులను తయారుచేయడం 20, ఎంతకాలం నిలిచింది అన్నదానికి 15. ఈ మార్కులు జాబితాను 12 పేర్లకు కుదించడానికే, తీర్పుకు కాదు. అందులోనూ సగటు తీయకండి. ఎనిమిది మంది 70 వేసి ఒకరు 10 వేస్తే సగటు 63.3. ఇంకో అభ్యర్థికి అందరూ 65 వేస్తే సగటు 65. ఒక్కరి కోపం ఎనిమిది మంది మాటను తిప్పేసింది. మార్కులను వరసలో పేర్చి మధ్యలోది తీసుకుంటే 70కి 65, ఆ కోపానికి బలం ఉండదు.

తుది ఓటు రహస్యంగా, చీటీల మీద. ప్రతి సభ్యుడూ ఐదు పేర్ల వరకు టిక్కు పెట్టవచ్చు, వరసక్రమం ఉండదు. మూడింట రెండొంతులు వస్తేనే ఎంపిక. తొమ్మిది మంది ఉంటే 6 ఓట్లు, ఒకరు బయటికెళ్తే ఎనిమిదిలోనూ 6, ఇద్దరు వెళ్తే ఏడుగురిలో 5. ఈ మూడు అంకెలనూ నియమావళిలోనే అచ్చు వేయండి, ఓట్లు లెక్కపెట్టాక భిన్నాల మీద వాదించుకోవడం చూడ్డానికి బాగుండదు. ఐదుగురు గీత దాటితే ఐదోవారు వచ్చే ఏడాది తుది జాబితాలోకి నేరుగా వెళ్తారు. నాలుగో స్థానంలో సమానమైతే ఆ పేర్ల మధ్యే ఇంకో ఓటు. ఎంపిక కాని పేరు ఎందుకు ఆగిందో ఆ రాత్రే రెండు పంక్తుల్లో రాసి ఫైల్లో పెట్టండి. ‘ఆధారం చాలలేదు’ వేరు, ‘ప్రభావం చాలలేదు’ వేరు. మొదటిదైతే ప్రతిపాదించినవారికి ఏ కాగితం కావాలో చెప్పి పంపవచ్చు.

ఏడో అడుగు: మచ్చ ఉన్న పేరు

లిండ్‌బర్గ్ 1938లో నాజీ నాయకుడు గోరింగ్ చేతుల మీదుగా జర్మన్ పతకం అందుకున్నారు. 1941లో డీమోయిన్‌లో చేసిన ప్రసంగంలో యుద్ధోన్మాదానికి యూదులనూ నిందించారు. అట్లాంటిక్ దాటడమూ నిజమే, ఇదీ నిజమే. నియమావళిలో రెండు విషయాలు ఉండాలి. విమానయానంలో చేసిన మోసం, అంటే దొంగ లాగ్‌బుక్, కల్పిత పతకం, దాచిన ప్రమాదం, నేరుగా అనర్హత. మిగతావాటిని కమిటీ చర్చించి ఓటు వేస్తుంది, కానీ తెలిసే వేయాలి, తనిఖీదారులు దాన్ని ఫైల్లోంచి తీసేయకూడదు. తొలగింపు నియమం కూడా మొదటి ఏడాదే రాయండి: ఎవరు కోరవచ్చు, ఎన్ని ఓట్లు కావాలి. నాలుగింట మూడొంతులు సబబు.

ఎనిమిదో అడుగు: కబురు, ఫలకం

పత్రికలకంటే ముందు కుటుంబానికి చెప్పండి, అదీ ఫోన్లో. చనిపోయినవారికి రెండు కుటుంబాలు ఉంటే ఇద్దరికీ ఒకే రోజు చెప్పండి. బతికున్నవారి నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. వద్దనేవాళ్లూ ఉంటారు.

ఫలకం మీద పాఠం క్లుప్తంగా, అడుగు దూరం నుంచి చదివేలా ఉండాలి. మొదటి వాక్యంలో ప్రాంతం పేరు, చేసిన పని రావాలి. ర్యాంకు పదవీ విరమణ నాటిదా, ఆ ఘటన నాటిదా అన్నది మొత్తం గోడకు ఒకే పద్ధతిలో ఉండాలి. పోతకు పంపేముందు ప్రూఫును కుటుంబానికి ఇచ్చి, పేరులోని ప్రతి అక్షరం, ప్రతి తేదీ మీద వేలుపెట్టి సరిచూసి సంతకం చేయమనండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పితే ఫలకమంతా మళ్లీ పోతపోయాల్సిందే, ఆ రెండో బిల్లు సంతకం లేని ప్రతిసారీ హాల్ ఖాతాలోనే పడుతుంది.